పై చెల్క, కింది చెల్క

రాత్రి కొట్టిన వాన
తెల్లారి చూస్తె నా చెల్కల లేదు.
చెల్క కూడ సగం లేదు.
కంది మొక్కలు ఏర్లు బయటేసుకొని
చెప్పులు పోయినోళ్ల తీరు నిలబడ్డయి.

కిందికి చూసిన.
ఆశప్ప చెల్కల బొటనేలు మందం
ఎర్రగ, మెత్తగ, పరిచినట్టు
నా మన్ను.

నాదేనని ఎట్ల తెలుసంటవా?
రోయిణిల రెండు రాత్రులు మందను ఆపిచ్చి
పైసలిచ్చి కొనుక్కున్న గొర్రె పెంటికలు
ఆయన జొన్న మొదట్ల కుప్పవడ్డయి.
కలుపు తీస్తుంటె పగిలిన నా గాజు ముక్క,
పచ్చది,
ఆయన సాలుల మెరుస్తున్నది.

"ఆశప్పా, నా మన్ను నాకియ్యి."
బీడి ఆర్పకుండనే అన్నడు:
"నేను దెచ్చుకున్ననా అక్కా?
వాన దెచ్చింది. వాననడుగు."

వాననెట్ల అడుగుత.
తట్ట పట్టుకొని దిగిన.
ఆ పొద్దు నలభై ఒక్క తట్టలు ఎక్కిచ్చిన,
లెక్క నా నడుముకు తెలుసు.
మర్నాడు మళ్ల మబ్బైంది.

తప్పు వానది కాదని తెల్వక కాదు.
నా చెల్క పొడుగంత ఎత్తు నుంచి పల్లానికి.
ఖాజా ట్రాక్టరు గంటకు లెక్క.
నిలువు దున్నితె గంట, అడ్డం దున్నితె గంటన్నర,
మలిపినప్పుడల్ల డీజిలు,
మలిపినప్పుడల్ల ఆయన నసుగుడు.
అరగంట పైసలు మిగిలినయని సంబరపడ్డ.
సాలు సాలుకూ కాలువైంది.
వానకు దారి గీసిచ్చింది నేనే.

మా అత్త బుగ్గమ్మ అనేది:
"నీళ్లను ఉరికియ్యొద్దు బిడ్డా, నడిపియ్యాలె.
ఉరికెటోని చేతుల ఏదో ఒకటి ఉంటది."
అప్పుడు నవ్విన.

వాటర్‌షెడ్ సార్లు ఒక ఎండకాలం వచ్చిన్రు.
సున్నంతోటి సక్కటి గీత గీసిన్రు,
మిషను కట్ట పోసింది, ఫోటో దిగిన్రు.
గీత సక్కగుంది గని నేల సక్కగ లేదు.
రెండో వానకు నడుమ తెగింది.
బోర్డు మాత్రం ఇంకా ఉన్నది,
కాకులు వాలుతయి.

ఈ యేడు కిష్టప్ప ఎడ్లను అడుక్కున్న.
ఊరికి మిగిలింది ఆ ఒక్క జతనే.
అడ్డం దున్నిచ్చిన.
నాలుగు సాళ్లు జొన్న, ఒక సాలు కంది.
తాతల కాడి నుంచి ఏరి పారేసిన రాళ్లు
గట్టు మీద గుట్టైనయి, తేళ్లకు ఇల్లైనయి.
అవ్వే దించిన, ఒక్కొక్కటి.
నారాయణపేట సంతల కొన్న సన్న పైపుల నీళ్లు పోసి
ఒక కొస నేను, ఒక కొస మా చిన్నది పట్టుకొని
మట్టం చూసుకుంట,
నేల ఎట్ల తిరిగితె అట్ల
వంకరగ ఒక వరుస. మోకాలంత కూడ లేదు.
సందులు మూయలే.
నీళ్లు పోవాలె. మన్ను కూసోవాలె.
సందు సందుకు వాయిలి కొమ్మ గుచ్చిన,
మేకలు ముట్టవని.

ఆరుద్ర పోయినంక పెద్ద వాన.
లాంతరు పట్టుకొని పోదామనుకొని
భయమై పోలే.
తెల్లారి చూస్తె రాళ్ల ఎనక
ఎండు జొన్నాకు, సొప్ప ముక్కలు, గొర్రె పెంటికలు,
అరచెయ్యి మందం మన్ను, నాది.
గాజు ముక్క ఒక్కటే ఆయన చెల్కల మిగిలింది.
ఉండనియ్యి.

ఆశప్ప వచ్చిండు.
ఒడ్డు మీద నిలబడి గొంతు సవరిచ్చుకున్నడు:
"ఈసారి నీళ్లు తేటగొచ్చినయక్కా."
అది మెచ్చుకోలో, నష్టపోయినోని మాటో
మొఖం చూస్తె తెలువలే.
ఆయన చెల్క కింద ఇంకెవరి చెల్కా లేదు,
వాగున్నది.
ఆయన మన్ను ఎవలనడగాలె?

ఊకనే నిలబడలేక
వంగి ఒక రాయి తీసి వరుసల పెట్టిండు.
తప్పు పెట్టిండు, కొనదేలిన దిక్కు కిందికి.
నేనేం అనలే. చాయ్ తాగుతవా అన్న.

ఆయన ఒడ్డు దిగినంక
ఆ రాయిని తిప్పి పెట్టిన.